ఏడుపు మాన్పించిన పట్టీ

డాక్టర్ మందాకినికి ఏడుపంటే ఒళ్ళు మంట. సినిమాల్లో ఏడ్చేవాళ్ళన్నా, పెళ్ళి పందిట్లో ఏడ్చేవాళ్ళన్నా, ఆఖరికి చావింట్లో ఏడ్చేవాళ్ళన్నా ఆమెది ఒకటే అభిప్రాయం. ఒంట్లో ఓ గ్రంథి కాస్త ఎక్కువ ఊరితే దానికింత ఆర్భాటమా అని. అలాంటి మనిషిని దేవుడు సాలూరు నుంచి తీసుకొచ్చి, రాజస్థాన్‌లో ఎడారి అంచున ఉన్న ఒంటెల పరిశోధన కేంద్రంలో పడేశాడు. పిల్లను దూరం చేస్తే ఒంటె ఏడ్చినంత బాహాటంగా మనుషులు కూడా ఏడవరు.

ఆ కేంద్రంలో ఒక ఆడ ఒంటె ఉండేది. కాగితాల్లో దానికేదో నంబరుంది గానీ మందాకిని దాన్ని జమీందారిణి అనేది. బరువైన రెప్పలు సగం దించి, కింది పెదవి వేలాడేసి, పొడవాటి ముక్కు మీదుగా మనుషుల్ని చూసేది. ఆ చూపులో మనుషులు పనికిమాలినవాళ్ళు. పశువైద్యులు పనికిమాలినవాళ్ళు. ఎవరైనా మరీ దగ్గరికొస్తే పచ్చటి నెమరు మొహాన ఉమ్మేది. మందాకినికి ఆ ఒంటె ఎంతో నచ్చేది. కేంద్రం మొత్తంలో తన అభిప్రాయాలతో ఏకీభవించే ప్రాణి అదొక్కటేనని అనుకునేది.

అంతటి జమీందారిణీ ఈనే వేళకు పరువు తీసుకుంది. లేచింది, కూలబడింది, కేంద్రం అదిరేలా అరిచింది. పిల్ల నేల మీద పడ్డాక ఒంటె ఆవులా నాకదు. మూతితో తడుముతుంది, వాసన పీల్చుకుంటుంది, గొంతులో గురగురమని దానితో ఏదో చెబుతుంది. ఆ సమయంలో తీసిన రక్తంలో కార్టిసాల్ విపరీతంగా పెరిగింది. కార్టిసాల్ అంటే ఒళ్ళు కంగారుపడినప్పుడు ఊరే హార్మోను. కాన్పు తర్వాత మెల్లగా దిగింది. పిల్లను పాలు మాన్పించి వేరే దొడ్లోకి తోలిన రోజున మళ్ళీ ఎక్కింది. జమీందారిణి కంచె దగ్గర నిలబడి అరిచిన అరుపులకు క్వార్టర్సులో పిల్లాపెద్దా నిద్రపోలేదు. అది మేత ముట్టలేదు, పాలు ఎగబెట్టింది, మూపురం పక్కకు వాలిపోయింది.

"జమీందారిణివి, సిగ్గు లేదూ?" అంది మందాకిని కంచె ఇవతల నిలబడి. నిజంగానే కోపం వచ్చిందామెకు, నమ్మిన మనిషి నలుగురిలో చులకనైతే వచ్చే కోపం లాంటిది.

ఆ కోపంలోంచే పట్టీ పుట్టింది.

చూడటానికి అది మెడకు కట్టే వెడల్పాటి తోలుపట్టీ. లోపలి వైపు వెంట్రుకకన్నా సన్నని సూదులు. చర్మం కింది తడిలో కార్టిసాల్ ఎంతుందో అవి కనిపెడుతూ ఉంటాయి. హద్దు దాటబోతోందనగానే లోపలున్న మందును ఇంత వదులుతాయి. ఆ మందు వెళ్ళి కార్టిసాల్‌ను పట్టుకుని కూర్చుంటుంది. ప్రాణానికి కావలసింది ఉంచుతుంది, కంగారుకు కావలసింది తీసేస్తుంది. డైరెక్టరు భుజంగరావు దానికి 'ప్రశాంతి' అని పేరు పెట్టి, దాన్ని చేత్తో పట్టుకుని ఫొటో దిగాడు. ఆయనది తెనాలి. ఇతరులు కనిపెట్టినవాటికి పేర్లు పెట్టడం, వాటితో ఫొటోలు దిగడం, ఇవే ఆయన శాస్త్రానికి చేసిన సేవ.

తర్వాతి ఈతకు జమీందారిణి మెడలో ప్రశాంతి ఉంది. అది అరవలేదు. మేత నములుతూ నములుతూ ఒక పక్కకు ఒరిగి, ఈనేసి, మళ్ళీ నెమరు వేయడం మొదలుపెట్టింది.

"చూశావా అమ్మా మందాకినీ, తల మీద మూట దింపినట్టు దింపేసింది," అన్నాడు భుజంగరావు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒంటెల్ని మేపే ఖేతారాం అందరికంటే గట్టిగా కొట్టాడు, ఈనిన ఒంటెతో తన్నులు తినే ఉద్యోగం అతనిదే కనుక.

పిల్ల వణుకుతూ లేచి పొదుగు వెతుక్కుంది. జమీందారిణి అభ్యంతరం చెప్పలేదు. దాన్ని మూతితో తడమనూ లేదు. మర్నాడు పక్క ఒంటె పిల్ల వచ్చి పొదుగులో మూతి పెట్టింది. దానికీ అభ్యంతరం చెప్పలేదు. మామూలుగా సొంత పిల్ల మూతి పెడితేగానీ ఒంటె పాలు చేపదు, పరాయి పిల్ల వస్తే కాలు ఝాడిస్తుంది. ఇప్పుడు ఎవరు మూతి పెట్టినా చేపుతోంది.

"ఏ పిల్లకైనా ఏ తల్లైనా సరే!" అని భుజంగరావు మురిసిపోయి, మిగతా ఒంటెలకూ వాటి పిల్లలకూ కూడా పట్టీలు కట్టించాడు. మందాకినికీ గర్వంగానే ఉంది. ఒక్క సంగతి మాత్రం ఆమె కంటికి తగిలింది. జమీందారిణి తనవైపు చూసింది, రెప్పలు దించలేదు, పెదవి వేలాడేయలేదు. నీళ్ళ తొట్టిని చూసినట్టు, గోడను చూసినట్టు చూసింది. పోనీలే, మర్యాద నేర్చుకుంది అనుకుంది మందాకిని.

ఇదే సమయంలో ఆమె ఇంట్లోనూ ఒక పాలు మాన్పించే వ్యవహారం నడుస్తోంది. కొడుకు భానోజీకి ఏడాది దాటింది. నడుస్తున్నాడు, పళ్ళొచ్చాయి, అన్నం తింటున్నాడు. అయినా ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే కాళ్ళకు చుట్టుకుని, చీర పట్టుకుని పైకి పాకేవాడు. పాలు తాగుతూ రెండో చేత్తో ఆమె చెవి పట్టుకోవడం వాడి అలవాటు. ఆమె లేచి వెళ్ళిపోతే ఆ ఏడుపు వీధి చివరిదాకా వినబడేది. భర్త చక్రధర్ దగ్గర్లోని సోలార్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాడు. ఈ విషయంలో అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఢిల్లీలో ప్రశాంతి గురించి పెద్ద సభ పెట్టారు. వారం రోజులు వెళ్ళాలి. పిల్లవాణ్ణి చూసుకోవడానికి సాలూరు నుంచి తల్లి పైడమ్మ వచ్చింది.

"దీనికేటే ఇంత ఆలోసన?" అంది పైడమ్మ. "ఇక్కడ ఏప చెట్లకేటి తక్కువ? ఏపాకు నూరిస్తాను, రొమ్ముకి రాసీసుకో. నోరు సేదయితే ఆడే మానీస్తాడు. నిన్నూ అలాగే మానిపించినాను. కొన్నాళ్ళు నా మొకం సూళ్ళేదు నువ్వు. మూతి ఇరిసీసి, మెడ తిప్పీసి... అబ్బ, అదేం సూపో! తరవాత నువ్వే వొచ్చి ఒళ్ళో పడ్డావు."

"వేపాకట," అని నవ్వింది మందాకిని. ఆ నవ్వు పైడమ్మకు కొత్త కాదు. చదువుకున్నప్పటి నుంచీ కూతురు తల్లి వంటను, తల్లి పూజను, తల్లి మాటను చూసి నవ్విన నవ్వు అది. "ఇంకా ఏ కాలంలో ఉన్నావమ్మా? వాడికి చేదు పెట్టి, ఏడిపించి, నేనూ ఏడ్చి... నాకంత తీరిక లేదు."

నిజానికి ఆమె ఆలోచన అప్పటికే తయారైపోయింది. భుజంగరావు దానికి వత్తాసు పలికాడు. "మన పట్టీ మనమే కట్టుకోకపోతే ఊళ్ళోవాళ్ళు కట్టుకుంటారా అమ్మా? రేపు ఉద్యోగాలు చేసే ఆడపిల్లలందరికీ ఇదే కదా. కాన్పు, సెలవు, పాలు మాన్పించడం, ఆ ఏడుపులు... ఎంత దండగ! అనుమతులదేముంది, తర్వాత చూసుకుందాం." ఆడవాళ్ళ సెలవులు దండగని చెప్పే ఆ పెద్దమనిషి మాత్రం తనకు జలుబు చేస్తే వారం సెలవు పెట్టేవాడు. మందాకినికి అది తెలుసు, అతనంటే చులకనే. అయినా పట్టీ తనది. దాని మీద ఆమెకు అనుమానం లేదు.

ఆమె చేతికి దండకడియం లాంటి పట్టీ, భానోజీ కాలికి మువ్వలు లేని కడియం లాంటి చిన్న పట్టీ. పొద్దున్న కట్టింది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. భానోజీ వరండాలో బొమ్మ లారీ తోసుకుంటున్నాడు. తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ లారీ తోసుకున్నాడు. పాలు గడ్డకట్టి ఆమె రొమ్ములు సలిపాయి. ఆ నొప్పి పక్కింటివాళ్ళ ఇంట్లో ఎవరికో ఉన్నట్టు అనిపించిందామెకు. పాలు మాన్పించడం అయిపోయింది. ఇంతేనా, దీనికా లోకమంతా ఇంత గోల చేస్తోంది అనుకుంది.

ఢిల్లీ సభలో ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, తల్లీబిడ్డల బంధం సంగతేమిటని అడిగింది.

"బంధాన్ని కొలిచే మీటరుంటే తెచ్చివ్వండి, కొలిచి చెబుతాను," అంది మందాకిని. సభంతా నవ్వింది. పెద్దావిడ మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది.

తిరిగొచ్చాక అంతా సుఖంగా ఉంది. పైడమ్మ కూడా సంతోషంగానే ఉంది, ఆ సంగతి దాచడమెందుకు. "మా గుంటడు బంగారం. ఎవరెత్తుకున్నా ఎలిపోతాడు, ఏడుపన్నది లేదు," అని క్వార్టర్సంతా చెప్పుకు తిరిగింది. ఆ కడియం వెండిదైతే ఇంకా బాగుండేదని మాత్రం ఆమెకో చిన్న వెలితి. భానోజీ నిజంగానే ఎవరెత్తుకున్నా వెళ్ళేవాడు. పక్కింటావిడతో వెళ్ళేవాడు, కూరగాయల బండివాడితో వెళ్ళేవాడు. ఎవరు దించితే అక్కడ కూర్చునేవాడు. చెవి పట్టుకునే అలవాటు పోయింది.

ఒకనాటి మధ్యాహ్నం మందాకిని పట్టీల్లో మందు మార్చడానికి ఒంటెల దొడ్లోకి వెళ్ళింది. జమీందారిణి పిల్ల కంచె దగ్గర పడి ఉంది. వెనక కాలు ఇనుప వలలో ఇరుక్కుంది. లాక్కున్నట్టుంది, తీగ ఎముకదాకా దిగింది. ఎండలో చాలాసేపటి కిందటే ప్రాణం పోయింది. జమీందారిణి దానికి నాలుగు బారల దూరంలో కూర్చుని నెమరు వేస్తోంది. ఖేతారాం చెట్టు నీడన నిద్రపోతున్నాడు. పాపం అతన్ననడానికేం లేదు, లేపేంత చప్పుడు కాలేదు. కాలు తెగుతున్న పిల్ల అరవలేదు. కళ్ళెదుట పిల్ల చస్తున్నా తల్లి లేవలేదు.

పట్టీలు పంపిన లెక్కలు మందాకిని ట్యాబులో చూసింది. తల్లి కార్టిసాల్ గీత నీళ్ళలా సమంగా ఉంది. పిల్ల గీత కూడా ఆగిపోయేదాకా సమంగానే ఉంది. పట్టీలు అద్భుతంగా పనిచేశాయి. 'అయ్యో అనుకోవాలి కదా నేను' అనుకుంది మందాకిని. అనుకుందంతే. అయ్యో రాలేదు.

ఆ ఆలోచనతోనే ఇంటికొచ్చింది. వరండాలో భానోజీ లారీ తోసుకుంటూ కొంచెం కుంటుతున్నాడు. కాలు ఎత్తి చూసింది. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ వాచి, చీము పట్టి, మడమదాకా ఎర్రబడింది. అది నిన్నటి ముల్లు కాదు.

"అమ్మా, వీడి కాలు చూడలేదా?"

పైడమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మ! గుంటడు ఏడిస్తే కదే తెలిసీది! నడుత్తున్నాడు, తింటున్నాడు..."

మందాకిని ముల్లు తీసింది. పిండింది, కడిగింది, మందు రాసింది. పిల్లవాడు కాలు వెనక్కి లాక్కున్నాడు గానీ నోరు విప్పలేదు, ఆమె మొహం చూడలేదు. ఆమె చేతులు వణకలేదు. అప్పుడు ఆలోచించింది, ల్యాబులో ఆలోచించినట్టే. ముల్లు దిగిన బిడ్డ ఏడవలేదంటే పట్టీ పనిచేస్తోందని అర్థం. దాన్ని చూసి తల్లి కడుపులో దేవినట్టు కాలేదంటే రెండో పట్టీ కూడా పనిచేస్తోందని అర్థం. కంచె దగ్గర కూర్చుని నెమరు వేసిన దానికీ తనకూ తేడా ఏమిటి? ఒక తేడా ఉంది. దాని మెడకు పట్టీ వేరేవాళ్ళు కట్టారు. కత్తెర తెచ్చి ముందు వాడి కాలి పట్టీ, తర్వాత తన చేతి పట్టీ కత్తిరించి పారేసింది.

మందు దిగడానికి కొంతసేపు పట్టింది. దీపాలు పెట్టే వేళకు ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. దొడ్లో చచ్చిపడిన పిల్ల గుర్తొచ్చింది. వాడి అరికాలు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో ఎవరూ ఎదురురాకపోవడం గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఏడ్చింది. ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ, తను జీవితమంతా అసహ్యించుకున్న పద్ధతిలోనే ఏడ్చింది. పైడమ్మ ఏం చేయాలో తోచక మంచినీళ్ళిచ్చింది.

మర్నాడు భుజంగరావు గదిలో మాట్లాడింది.

"కంగారు చెడ్డదనుకున్నాం సార్. కాన్పప్పుడు తల్లి ఒళ్ళు అంత కంగారుపడితేనే ఆ బిడ్డ వాసన దాని మనసులో పడుతుంది. విడదీసేటప్పుడు ఇద్దరూ అంత ఏడిస్తేనే విడిపోయింది ఎవరో ఇద్దరికీ గుర్తుంటుంది. మనం కంగారు ఒక్కటే తీయలేదు. పట్టీలన్నీ విప్పించేయాలి."

"కంచె బాగాలేదమ్మా. కంచె మార్పిద్దాం," అన్నాడు భుజంగరావు. "నువ్వు బంధం గిందం అంటున్నావు. దాన్ని కొలిచే మీటరేమైనా ఉందా? నువ్వే అన్నావుగా సభలో, ఎంత బాగా నవ్వారో!"

ఆమెకు ఆ నవ్వు మళ్ళీ వినబడింది. ఎదుటి మనిషిని అసహ్యించుకుందామంటే అతని నోట్లో ఉన్నది తన మాటే. ఏం మిగిలింది అసహ్యించుకోవడానికి?

"పట్టీలు కేంద్రం ఆస్తి," అని వెనక నుంచి హెచ్చరించాడాయన. అప్పటికే ఆమె కత్తెరతో దొడ్లోకి నడుస్తోంది. ఒక్కొక్క మెడలోని పట్టీ కత్తిరించింది. తర్వాత ఢిల్లీలోని పై అధికారులకు ఫోను చేసి, పట్టీ ఎవరి మీద వాడి చూసిందో, ఏమైందో, ఆ బిడ్డ ఎవరి బిడ్డో తన నోటితోనే చెప్పింది. పని ఆగిపోయింది, ఉద్యోగం పోయింది. పాలు మాన్పించాక ఆడవాళ్ళకు మతి చలించడం మామూలేనని భుజంగరావు అందరికీ చెప్పాడు. అలాంటివి చెప్పడానికి ఆయనకు మీటరు అక్కర్లేదు.

క్వార్టరు ఖాళీ చేసేలోపు ఒకరోజు దొడ్డివైపు వెళ్ళింది. జమీందారిణి, పిల్ల చచ్చిన చోట కంచెకు మూతి ఆనించి నిలబడి ఉంది. తీగను వాసన చూస్తోంది, అటూ ఇటూ తిరుగుతోంది, గొంతులో గురగురమంటోంది. అక్కడేదో ఉండాలని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. మందాకిని దగ్గరికెళ్ళి మెడ మీద చెయ్యి వేయబోయింది. జమీందారిణి తల తిప్పింది. రెప్పలు సగం దిగాయి, పెదవి వేలాడింది. పచ్చటి నెమరు తెచ్చి ఆమె మొహాన ఉమ్మింది. మందాకిని తుడుచుకోకుండా కాసేపు అక్కడే నిలబడింది.

ఇంట్లో మాత్రం మార్పు లేదు. కాలు మానింది. భానోజీ పడితే ఇప్పుడు కాస్త ఏడుస్తున్నాడు, ఎవరెత్తుకుంటే వాళ్ళ భుజం మీద మానుకుంటున్నాడు. ఆమె ఎత్తుకుంటే ఒద్దనడు, దించితే ఉండమనడు. బీరువా తలుపు పట్టుకున్నట్టు ఆమెను పట్టుకుని నిలబడి, వదిలేసి వెళ్ళిపోతాడు. ఆమె కావాలనే తయారై, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దాటి, సందు మలుపులో దాక్కుని చూసింది. వాడు లారీ తోసుకుంటున్నాడు. కొడుకు తనను ఎప్పటికీ గుర్తుపట్టడేమోనని మొట్టమొదటిసారి భయమేసింది.

ఆలోచించి ఆలోచించి తల్లి దగ్గరికెళ్ళింది. "అమ్మా, వేపాకు నూరిపెట్టు."

"ఎందుకే? మానీసినోడికి ఏపాకేటి?"

"వాడు మానలేదమ్మా. నేను మాన్పించలేదు. మా ఇద్దరి మధ్యా ఆ గొడవే జరగలేదు."

పైడమ్మకు అర్థం కాలేదు. అయినా నూరింది.

పెరటి మెట్ల మీద కూర్చుని మందాకిని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ముందు ఉత్త రొమ్ము ఇచ్చింది. కాసేపు అదేమిటో మర్చిపోయినట్టు చూశాడు. తర్వాత నోరు పెట్టాడు. పాలు దాదాపు లేవు. అయినా కొంచెం చప్పరించాడు, కళ్ళు సగం మూతపడ్డాయి, ఖాళీగా ఉన్న చెయ్యి గాలిలో దేనికోసమో తడిమింది. మందాకిని తల వంచింది. చెయ్యి చెవికి తగిలింది, పట్టుకుంది. అలా ఉంటే చాలనిపించింది ఆమెకు. ఇక్కడితో ఆపేయాలనిపించింది. కానీ వీడు ఏ ఒళ్ళో అయినా ఇలాగే పడుకుంటాడు. అందుకని ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా ఉత్తదే ఇచ్చింది. వాడు గుమ్మంలో ఎదురుచూడటం మొదలుపెట్టిన సాయంత్రం వేపాకు ముద్ద రాసుకుంది.

నోరు పెట్టాడు. ఆగాడు. మొహం ముడుచుకుపోయింది. ఆమెను చూశాడు, మళ్ళీ రొమ్మును చూశాడు. నమ్మలేక మళ్ళీ పెట్టాడు. అప్పుడు ఏడ్చాడు. క్వార్టర్సంతా వినబడేలా, వెక్కి వెక్కి, చేతులతో ఆమె గుండెల మీద తోస్తూ, ఒళ్ళోంచి జారిపోతూ ఏడ్చాడు. పరుగెత్తి అమ్మమ్మ కాళ్ళకు చుట్టుకున్నాడు. పైడమ్మ ఎత్తుకుని, "ఊరుకో నాయినా, మీ యమ్మ మంచిది కాదు," అంది.

మందాకిని వెళ్ళి ఎత్తుకోలేదు. మెట్ల మీదే కూర్చుంది. చీరంతా వేపాకు పసరు. కళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

అమ్మమ్మ భుజం మీద నుంచి భానోజీ తలెత్తాడు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి పలకరిస్తే ఆవిణ్ణి మామూలుగానే చూశాడు. వెనక సందులో వెళ్తున్న కూరగాయల బండివాణ్ణీ మామూలుగానే చూశాడు. తర్వాత తల్లివైపు తిరిగాడు. తడిసిన రెప్పలు సగం దించాడు. కింది పెదవి వేలాడేశాడు. చిట్టి ముక్కు మీదుగా, ఈ లోకంలో ఇంతకన్నా నీచమైన మనిషి లేదన్నట్టు, ఆమె ఒక్కదాన్నే అలా చూసి మొహం తిప్పుకున్నాడు.